హుగ్లీ నది నుంచి నౌకాదళాధిపతి పదవి వరకు: రామ్‌దాస్ కటారి జీవనయానం

భారత నౌకాదళానికి అధిపతిగా నియమితులైన తొలి భారతీయుడు తెలుగువాడు. ఆయన పేరు వైస్ అడ్మిరల్ రామ్‌దాస్ కటారి. రెండో ప్రపంచ యుద్ధం ఆయనను నౌకాదళ యూనిఫామ్‌లోకి తెచ్చింది. 1958 ఏప్రిల్ 22న ఆ దళ నాయకత్వం ఆయన చేతికి వచ్చింది. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం లభించి పదేళ్లు దాటింది. పగ్గాలు భారతీయుని చేతికి రావడానికి అంతకాలం ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు కటారి జీవితంలోనే సమాధానం ఉంది.

చెంగల్పట్టులో జననం

పుదుచ్చేరి కదిర్కామం నుంచి తిండివనం మీదుగా చెన్నైకి వెళ్లే ప్రయాణికులకు దారిలో చెంగల్పట్టు తగులుతుంది. కటారి 1911 అక్టోబరు 8న అక్కడే జన్మించారు. తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా పక్కపక్కనే జీవించిన ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు ప్రాంతమది. పొట్టి బాకును తెలుగువారు కటారి అంటారు. ఆ మాటే ఆయన ఇంటిపేరు.

ఆ రోజుల్లో సముద్రం మీద అధికారి కావాలని కోరుకున్న భారతీయ యువకునికి దారులు దాదాపు మూసుకునే ఉండేవి. దేశంలోని నౌకాదళాన్ని అప్పుడు రాయల్ ఇండియన్ మెరైన్ అనేవారు. అందులో కమిషన్ పొందిన తొలి భారతీయునికి ఆ అవకాశం 1928లో గాని దక్కలేదు. అది కూడా ఇంజనీరింగ్ శాఖలోనే. వాణిజ్య నౌకలపైనా అధికారుల స్థానాలు ఎక్కువగా ఆంగ్లేయులవే.

ఈ పరిస్థితిని మార్చాలన్న ఒత్తిడి ఫలితంగా 1927లో బొంబాయిలో డఫ్రిన్ శిక్షణ నౌక ప్రారంభమైంది. వాణిజ్య నౌకలకు భారతీయ అధికారులను తయారు చేయడం దాని లక్ష్యం. ఆ తొలి బృందంలో కటారి ఒకరు.

నది నేర్పిన విద్య

శిక్షణ అనంతరం ఆయన కలకత్తా పోర్టు కమిషనర్ల వద్ద హుగ్లీ నది సర్వేలో పనిచేశారు. హుగ్లీ నిలకడ లేని నది. ఇసుక తిన్నెలు స్థలం మారుతూ ఉంటాయి, ఆటుపోట్లతో నీటి లోతు గంటగంటకూ వేరవుతుంది. నిన్న నౌక సాగిన దారి నేడు ప్రమాదకరం కావచ్చు. అందుకే లోతులను నిత్యం కొలిచి పటాలను సరిదిద్దుతూ ఉండాలి. నీటి అడుగున కంటికి కనిపించని దానిని కొలతల ద్వారా తెలుసుకోవడమే ఆ వృత్తి.

యుద్ధం తెరిచిన తలుపు

1939లో యుద్ధం ఆరంభమయ్యే నాటికి రాయల్ ఇండియన్ నేవీకి ఎనిమిది యుద్ధనౌకలే ఉన్నాయి. 1945 నాటికి నౌకల సంఖ్య వంద దాటింది, సిబ్బంది సుమారు 30 వేలకు చేరారు. ఇంత వేగంగా పెరిగే దళానికి సముద్రం తెలిసిన అధికారులు తక్షణం కావాలి. శాంతికాలంలో మూసి ఉన్న తలుపు అవసరం కొద్దీ తెరుచుకుంది. వాలంటీర్ రిజర్వ్ అధికారిగా చేరిన కటారి తదనంతరం శాశ్వత దళంలోకి మారారు.

ఆయన ప్రత్యేక శిక్షణ పొందిన రంగం జలాంతర్గాముల నిరోధం. నౌక నీటిలోకి ధ్వని తరంగాన్ని పంపుతుంది. అది జలాంతర్గామిని తాకి ప్రతిధ్వనిగా తిరిగివస్తుంది. అందుకు పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కగట్టి, నీటిలో పేలే బాంబులను ప్రయోగిస్తారు. ఆ ముప్పు మన తీరానికి దూరంగా ఏమీ లేదు. బంగాళాఖాతంలో జపాన్ జలాంతర్గాములు సంచరించాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ విమానాలు బాంబులు కురిపించాయి.

యుద్ధానంతరం, కృష్ణా నది పేరు పెట్టుకున్న ‘కిస్త్నా’ యుద్ధనౌకకు ఆయన నాయకత్వం వహించారు.

పదేళ్ల నిరీక్షణ

సైన్యానికి 1949లో, వైమానిక దళానికి 1954లో భారతీయ అధిపతులు వచ్చారు. నౌకాదళం మరింత వేచి ఉండవలసి వచ్చింది. పెద్ద నౌకలను, నౌకా సముదాయాలను నడిపిన అనుభవం ఏళ్ల తరబడి గడిస్తే తప్ప రాదు. భారతీయులకు అధికారి హోదాలు ఆలస్యంగా దక్కినందున ఆ అనుభవమూ ఆలస్యమైంది. 1956 అక్టోబరు 2న కటారి నౌకా సముదాయానికి తొలి భారతీయ నాయకుడయ్యారు. ఏడాదిన్నర తరువాత, చివరి బ్రిటిష్ అధిపతి వైస్ అడ్మిరల్ సర్ స్టీఫెన్ కార్లిల్ నుంచి దళ బాధ్యతలు స్వీకరించారు.

ఆయన హయాంలోనే 1961 మార్చి 4న తొలి విమానవాహక నౌక విక్రాంత్ సేవలో ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరులో గోవా విముక్తి చర్యలో నౌకాదళం పాల్గొంది. అంజదీవ్ ద్వీపాన్ని స్వాధీనం చేసుకునే క్రమంలో నావికులు ప్రాణాలర్పించారు.

1962 జూన్‌లో కటారి పదవీ విరమణ చేశారు. 1964 నుంచి 1969 వరకు బర్మాలో భారత రాయబారిగా పనిచేశారు. తన అనుభవాలను ‘ఎ సెయిలర్ రిమెంబర్స్’ అనే ఆత్మకథగా రాశారు. 1983 జనవరి 21న సికింద్రాబాద్‌లో కన్నుమూశారు.

డఫ్రిన్ నౌకపై ఆయన అడుగుపెట్టిన నాటి నుంచి దళాధిపతి అయ్యే వరకు 31 ఏళ్లు గడిచాయి. ఒక వ్యక్తి వృత్తిలో ఎదిగేందుకు పట్టిన ఆ కాలమే, ఒక దేశం తన తీరాన్ని తానే కాచుకునే శక్తిని సమకూర్చుకునేందుకు పట్టిన కాలం కూడా.