వల సరిగా అల్లిననే లెక్క నిజము

2015లో విడుదలైన 'బాహుబలి'లోని మహాజలపాతమును చూచి అబ్బురపడనివారు అరుదు. ఆ నీటిలో కొంత కంప్యూటరు కల్పించినదే. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చిత్రములలో ఇట్టి కల్పన నేడు సామాన్యము. 19వ శతాబ్దిలో నేవియర్, స్టోక్స్ అను శాస్త్రజ్ఞులు ఏర్పరచిన ప్రవాహ సూత్రములే దీనికి మూలము. ఇంజనులోని గాలి నడకను గణించుటకును అవియే ఆధారము. అయితే తెరపై నీరు కంటిని ఒప్పించిన చాలును. ఇంజను లెక్క తప్పినచో పిస్టను కరుగవచ్చును. కావున ఆ లెక్కకు ముందు జరుగు సన్నాహమును గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి.

ఇంజను నమూనాలో బోల్టులు, చెక్కిన అంకెలు మున్నగునవి ఎన్నో యుండును. గాలి నడకతో సంబంధము లేనివానిని మొదట తొలగింతురు. తలముల నడుమ వెండ్రుకవాసి సందున్నను పూడ్చి, నమూనాను నీరు కారని కుండవలె చేయుదురు. లేనిచో లోపలేదో వెలుపలేదో కంప్యూటరునకు తెలియదు. పిమ్మట లోహమును విడిచి, గాలి నిండు బోలు భాగమును మాత్రము గ్రహింతురు.

దానిని లక్షలాది గడులుగా విభజించుటయే వల అల్లుట. గోడలచెంతను, వాల్వు తెరచుకొను సన్నని సందునను వేగము చటుక్కున మారును గనుక అచ్చట గడులు మిక్కిలి చిన్నవి కావలెను. అన్నిచోట్లను అట్లే చేయరాదా? గడి కొలతను మూడు దిక్కులను సగము చేసినచో గడులు 8 రెట్లగును. గణనకాలము అంతకంటెను పెరుగును. పిస్టను కదలినకొలది వల కూడ మారుచుండవలెను.

ఇక ఫలితమును నమ్ముటెట్లు? వలను మరింత సన్నము చేసి మరల లెక్కింతురు. జవాబు నిలకడగా నున్నప్పుడే ప్రయోగశాలలోని కొలతతో సరిచూతురు. నిలువనిచో, రంగులెంత సొగసైనను అది బొమ్మయే గాని లెక్క కాదు.