వల్లియమ్మాళ్ మనుమడి పాట ఎవరిది?

తిరుపతి నుంచి చెన్నైకి రైల్లో వెళ్ళేవారికి అరక్కోణం జంక్షన్ తెలియనిది కాదు. పుత్తూరు, ఏకాంబరకుప్పం, తిరుత్తణి దాటాక రైలు అక్కడ ఆగుతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మా పుత్తూరు ప్రాంతమూ అరక్కోణమూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. జిల్లాలు విడిపోయినా, తరువాత రాష్ట్రాలు విడిపోయినా, మా మాలపల్లెల్లో భాష మాత్రం పూర్తిగా విడిపోలేదు. మా పల్లె అవ్వలు తెలుగులో తిట్టేవారు, చావింట సగం తమిళంలో శోకాలు పెట్టేవారు. అందువల్ల కాబోలు, 2021 మార్చిలో అరక్కోణం యువకుడొకడు తన అవ్వను తలచుకుంటూ పాడిన పాట దేశమంతా మారుమోగినప్పుడు నాకది పొరుగు భాష పాటగా వినిపించలేదు. పలక చప్పుడు ఆగిన తరువాత మా వీధిలో మిగిలే గొంతులాగా వినిపించింది.

ఆ యువకుడు అరివు. పూర్తి పేరు అరివరసు కలైనేశన్. తమిళంలో అరివు అంటే జ్ఞానం. ఇంజినీరింగ్ చదివినవాడు, దళితుడు, కవిత్వం రాస్తూ రాస్తూ ర్యాప్‌లోకి వచ్చినవాడు. న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల్లో నల్లజాతి యువకులు 1970లలో రూపొందించిన ఈ ప్రక్రియ మన దేశానికి మొదట నగర సంపన్నుల వినోదంగానే దిగుమతి అయింది. అరివు చేతికి వచ్చాక అది వాడవైపు తిరిగింది.

ఆ మలుపుకు ఒక వేదిక ఉంది. దర్శకుడు పా. రంజిత్ నెలకొల్పిన నీలం సాంస్కృతిక కేంద్రమూ, సంగీతకారుడు తెన్మా కలిసి రూపొందించిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' 2018 జనవరిలో చెన్నై కీల్పాక్‌లో తొలి ప్రదర్శన ఇచ్చింది. పండిత అయోతి దాసర్ (1845–1914) అణగారిన కులాలవారిని కులంలేని తమిళులని పిలిచాడు. బృందం పేరు ఆ మాటలోనుంచే వచ్చింది. అది మార్గళి మాసం. చెన్నై సభల్లో కర్ణాటక సంగీత కచేరీలు జరిగే రోజులు. అదే నెలలో, అదే నగరంలో, ఉత్తర చెన్నై చావిళ్ళలో పుట్టిన గానా పాటా, పరై వాద్యమూ, ర్యాప్‌తో కలిసి వేదిక ఎక్కాయి. రిజర్వేషన్ గురించి, గొడ్డుమాంసం గురించి ఆ వేదికపై పాటలు వినిపించాయి. ఆ బృందంలోని ఏకైక గాయని ఇసైవాణిని 2020లో బీబీసీ తన వందమంది మహిళల జాబితాలో చేర్చింది. సభలకు వెళ్ళేవారిలో ఎందరు ఆమె పాట విన్నారో చెప్పలేను.

2019లో అరివు, సంగీతకారుడు ఆఫ్‌రోతో కలిసి 'తెరుక్కురల్' అనే ఆల్బమ్ తెచ్చాడు. తెరు అంటే వీధి, కురల్ అంటే గొంతు. తిరువళ్ళువర్ 'తిరుక్కురళ్'ను గుర్తుచేస్తూనే పక్కకు తప్పుకునే పేరు అది. ఒక్క అచ్చు, ఒక్క హల్లు మారితే పవిత్ర గ్రంథం వీధి గొంతు అవుతుంది. ఆ ఆల్బమ్‌లోని 'యాంటీ ఇండియన్' పాటను, పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా ఆ తరువాత వచ్చిన 'సండ సెయ్‌వోం'ను విన్నవారికి ఈయన వినోదం కోసం మాత్రమే పాడడని అర్థమైపోయింది. అయినా సినిమా ఆయనను పిలిచింది. 2021లో వచ్చిన విజయ్ చిత్రం 'మాస్టర్'లో పాట రాశాడు, పాడాడు. స్వతంత్ర కళాకారుడు సినిమాకు పనిచేయవచ్చునా అని అడిగేవారు, ఆ కళాకారుడికి ఇంటి అద్దె ఎవరు కడతారో కూడా చెప్పాలి.

ఇక ఆ ప్రసిద్ధమైన పాట 'ఎంజాయ్ ఎంజామీ'. 2021 మార్చి 7న విడుదలైంది. సంగీత నిర్మాణం సంతోష్ నారాయణన్‌ది. ధీ, అరివు పాడారు. రచన అరివుది. స్వతంత్ర సంగీతం కోసం ఏర్పడిన, ఏ.ఆర్. రెహమాన్ అండదండలున్న 'మాజ్జా' సంస్థ విడుదల చేసింది. యూట్యూబ్‌లో వీక్షణలు నలభై కోట్లు దాటాయి. మన పెళ్ళి ఊరేగింపుల్లో కూడా డీజే పెట్టెల్లోంచి ఇది మోగింది. ఆడినవారిలో చాలామందికి అది ఏ దుఃఖం మీద కట్టిన పాటో తెలియదు. తెలియాలన్న నియమమూ లేదు. కానీ ఈ పేజీ చదివే విద్యార్థులకు తెలియాలి.

'ఎంజామీ' అంటే 'నా సామీ'. మా వైపు ఈ మాటకు రెండు దిక్కులున్నాయి. కూలి మనిషి చేతులు కట్టుకుని దొరను పిలిచేదీ సామీ అనే. అవ్వ మనుమణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని ముద్దుచేసేదీ సామీ అనే. దొరకు చెల్లించిన మాటను పిల్లవాడి కోసం వెనక్కి తీసుకునే హక్కు ఆ అవ్వకు ఉంది.

అరివు అవ్వ పేరు వల్లియమ్మాళ్. ఆమె తరం వారు సిలోన్ తేయాకు తోటల్లో కూలీలు. బ్రిటిషువారి కాలంలో తమిళ జిల్లాలనుంచి భూమిలేని కులాలవారిని అధిక సంఖ్యలో అక్కడికి తరలించారు. అడవి నరికి తోటలు వేసినవారు వీరే. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే సిలోన్ ప్రభుత్వం పౌరసత్వ చట్టం చేసి తోట కూలీలలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మార్చింది. 1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. 9,75,000 మందిలో 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని సిలోన్ తీసుకోవాలి. మిగతా లక్షన్నర సంగతి తరువాత చూద్దామన్నారు. 1974లో వారినీ చెరిసగం పంచుకున్నారు. పంచుకున్నారన్న మాట తెలిసే వాడుతున్నాను. తోటలు పెంచినవారికి ఆ నేలమీద చారెడు కూడా దక్కలేదు. తిరిగివచ్చిన దేశంలో వారికి భూమి ముందే లేదు. విశాఖ కంచరపాలెం బర్మా క్యాంపు సంగతి తెలిసిన తెలుగువారికి ఇలా తిరిగిరావడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నీరు, చెట్టు, పక్షి, తాత నాటిన మొక్క అంటూ సాగే ఆ పాటను పర్యావరణ గీతంగా మెచ్చుకున్న సమీక్షలు చాలా వచ్చాయి. అది భూమిలేనివారి భూమిపాట అన్న సంగతిని వాటిలో కొన్నే గుర్తించాయి.

తరువాత జరిగిన కథను పాఠకులలో కొందరు అనుసరించే ఉంటారు. డీజే స్నేక్ చేసిన రీమిక్స్‌కు న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో హోర్డింగ్ పెట్టారు. అందులో అరివు లేడు. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక 'ఎంజాయ్ ఎంజామీ' గాయని ధీని, 'నీయే ఒళి' పాడిన షాన్ విన్సెంట్ డి పాల్‌ను ముఖచిత్రంగా వేసింది. ఆ రెండు పాటలూ రాసిన అరివు ముఖచిత్రంపై లేడు. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాక ఆ పత్రిక అరివుతో ఒక డిజిటల్ ముఖచిత్రం విడుదల చేసింది. 2022 జూలైలో చెన్నైలో చదరంగ ఒలింపియాడ్ ప్రారంభోత్సవం జరిగినప్పుడు, ధీతోపాటు జానపద గాయని కిడక్కుళి మారియమ్మాళ్ ఈ పాట పాడారు. అరివు ఆ వేదికపై లేడు. కొద్దిరోజులకే ఆయన గొంతు విప్పాడు. పాట కూర్చింది, రాసింది, పాడింది తానేనని, తనకెవరూ బాణీగానీ ఒక్క మాటగానీ ఇవ్వలేదని, దాదాపు ఆరు నెలలు నిద్రలేకుండా శ్రమించానని రాశాడు. ఇది గొప్ప సమష్టి కృషి అని ఒప్పుకుంటూనే, అంతమాత్రాన ఇది వల్లియమ్మాళ్ చరిత్ర కాకుండా పోదన్నాడు. కూర్పు ముగ్గురిదీ అని సంతోష్ నారాయణన్ జవాబిచ్చారు. అరివుకు దక్కాల్సిన గుర్తింపును తాను ఎన్నడూ తీసుకోలేదని ధీ చెప్పారు.

ఇక్కడ తీర్పరి పీట మీద కూర్చోవాలన్న కోరిక నాకు లేదు. సంతోష్ నారాయణన్ 'అట్టకత్తి' (2012) నుంచి రంజిత్ చిత్రాలకు పనిచేసినవాడు, పరైని పెద్ద తెరమీద మోగించినవాడు. ధీ పూర్వికుల మూలాలూ శ్రీలంక తమిళ నేలలోనే ఉన్నాయి. వీరెవరినీ ప్రతినాయకులుగా చూపితే మనకు సులభంగా ఉంటుంది, అసలు విషయం మాత్రం తప్పిపోతుంది. ప్రతిసారీ లేకుండా పోయింది ఒకే మనిషి. అలా జరగడానికి ఎవరూ కుట్ర పన్ననక్కరలేదు. హోర్డింగ్ తయారుచేసినవాడు, ముఖచిత్రం ఎంచినవాడు, వేదిక జాబితా రాసినవాడు వేర్వేరు మనుషులు, వేర్వేరు దేశాలవారు. వారందరి కంటికీ అలవాటుగా ఆనని ముఖం ఒకటే కావడం గురించి ఆలోచించాలి.

ఆ చర్చలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట వేరొకటి. పాటలోని ఒప్పారి భాగం సంప్రదాయంగా వస్తున్నదే కదా, దానికి కర్త ఎవరు అన్న వాదన. ఒప్పారి అంటే మన శోకాల వంటిది. మన 1957 కాపీరైట్ చట్టం సాహిత్యానికి రచయితను, సంగీతానికి స్వరకర్తను, ధ్వనిముద్రణకు నిర్మాతను కర్తగా గుర్తిస్తుంది. హక్కులు అమ్ముకున్నాక కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కును 57వ సెక్షన్ రచయితకే మిగులుస్తుంది. 2012 సవరణ తరువాత గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను ఒప్పందంలో వదులుకోవడం కూడా చెల్లదు. మంచి చట్టమే. కానీ ఇదంతా ఒక పేరు ఉన్నప్పటి మాట. పేరు లేని పాటను మొదట రికార్డు చేసినవారికి దారి తెరిచే ఉంటుంది. పేరు ఎందుకు లేదన్న ప్రశ్న చట్టం అడగదు. మనమే అడగాలి. వ్రాత అందనివ్వని కులాలవారి రచనకు జానపదమని పేరుపెట్టి, జానపదం అందరిదీ అని, చివరికి దాన్ని ఎవరిదీ కాకుండా చేశాం.

తెలుగులో దీనికి ఉదాహరణలు వెతకనక్కరలేదు. 'మాభూమి' (1979)లో గద్దర్ పాడగా తెలుగునేలంతా పాకిన పాటను తెలంగాణ సాయుధ పోరాట కాలంలో కట్టినవాడు యాదగిరి. ఆ పాట పాడగలిగినవారిలో ఆయన పేరు చెప్పగలిగినవారు కొద్దిమందే. 'ఎంజాయ్ ఎంజామీ' వచ్చిన రోజుల్లోనే మన దగ్గర 'సారంగదరియా' వివాదం నడిచింది. తన అమ్మమ్మ దగ్గర నేర్చుకుని ముందే టీవీ వేదికపై పాడిన గాయని తనకు గుర్తింపు ఏదని అడిగితే, జానపదం ఎవరి సొత్తూ కాదన్న జవాబు వినిపించింది. అరివుకు ఎదురైన వాదనా అదే. అదే నెలలు, అదే వాదన, రెండు భాషలు.

డబ్బు సంగతీ చెప్పాలి. 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ ఒక వీడియోలో, మూడేళ్ళు గడిచినా ఆ పాట మీద తనకుగానీ, ధీకిగానీ, అరివుకుగానీ రాబడి అందలేదని ప్రకటించారు. సంస్థ ఆ ఆరోపణను అంగీకరించలేదు. ఎవరి లెక్క సరైనదో తేల్చవలసినవారు తేలుస్తారు. సినిమా పెట్టుబడినుంచి విముక్తి అని మనం పిలుచుకున్న స్వతంత్ర సంగీతం కూడా ఒప్పంద పత్రం దగ్గరికి వచ్చేసరికి ఇంకొకరి గుప్పిట్లోనే ఉందన్నది మాత్రం అర్థమైంది. పాటలు కడుతున్న మన విద్యార్థి మిత్రులు, ముఖ్యంగా వాడలనుంచి వచ్చి ఫోన్లలో రికార్డు చేసి పెడుతున్న పిల్లలు, సంతకం పెట్టే ముందు ఆ కాగితాన్ని ఎవరిచేతనైనా చదివించుకోండి.

అరివు ఆగిపోలేదు. 'ది అంబాసా' పేరుతో సొంత బృందం కట్టుకున్నాడు. 2024లో 'వల్లియమ్మా పేరాండి' ఆల్బమ్ తెచ్చాడు. పేరాండి అంటే మనుమడు. పాటకు తండ్రి పేరో సంస్థ పేరో కాకుండా, తోటలో ఆకు తెంపిన అవ్వ పేరు ముందు పెట్టి తనను తాను ఆమె మనుమడిగా పరిచయం చేసుకున్నాడు.

ఆ పేరు చదివినరోజు నేను నా ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసం అటకమీదనుంచి దించాను. ఇరవై ఏళ్ళ కిందటిది. మా ప్రాంతపు శోకాల మీద రాసింది. అనుబంధంలో 14 పాటలు. అన్నీ మా పల్లెలో ముగ్గురు అవ్వల దగ్గర, వాళ్ళ అరుగుల మీద కూర్చుని, టేప్‌రికార్డర్‌లో ఎక్కించుకున్నవే. పాటల కింద నేను రాసుకున్నది ఇది: సేకరణ, నా పేరు. పాడినవారు, గ్రామీణ వృద్ధ స్త్రీలు, నిరక్షరాస్యులు. అంతే. వాటిలో కనీసం రెండు పాటలు సంప్రదాయంగా వచ్చినవి కావు. చెరకు గానుగ దగ్గర బెల్లం పెనంలో పడి కొడుకు చనిపోయినప్పుడు ఆ తల్లి స్వయంగా కట్టుకున్నవి. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ జానపదమని రాశాను. మౌఖిక పరీక్షలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడగాల్సిందేదో ఉందని, ఆ పల్లెలోనే పుట్టిన నాకే తోచలేదు.

మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు విచారించాను. ముగ్గురూ పోయారు. బతికి ఉండగా కూడా వాళ్ళను ఫలానావాడి తల్లి, ఫలానావాడి అత్త అనే పిలిచేవాళ్ళం. ఇద్దరి అసలు పేర్లు పల్లెలో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లి మనుమరాలు మాత్రం తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. పాత రేషన్ కార్డు తెచ్చి చూపించింది. "మామా, మా అవ్వ పాట నీ పుస్తకంలో ఉండాదంట గదా, యాడ దొరుకుతుంది?" అని అడిగింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉందన్నాను. పేరు లేదని చెప్పడానికి కొంతసేపు పట్టింది. ఆ పిల్ల కోప్పడలేదు. అవ్వ పేరు పేపర్లో రాస్తానంటే వద్దంది. ముందు ఆ పుస్తకంలో రాయమంది.

గ్రంథాలయానికి అర్జీ పెట్టుకున్నాను. సమర్పించిన ప్రతిలో మార్పు చేయడానికి నిబంధన ఉందో లేదో చూసి చెబుతామన్నారు.