789 పద్దు కింద ఏముంది?

పరిశోధన వేరు, ఉద్యమం వేరు అని విశ్వవిద్యాలయాల్లో ఓ మాట ఎప్పటి నుంచో చెలామణిలో ఉంది. ఆ మాట అనేవాళ్లు ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఎట్లా వచ్చిందో చూడాలి.

నేను చదివిన హాస్టల్లో వానొస్తే ట్రంకుపెట్టెలు పట్టుకుని మూలకు జరిగేవాళ్లం. అడిగితే వార్డెన్ "బడ్జెట్ లేదురా" అనేవాడు. నమ్మాం. పరిశోధనలో చేరి బడ్జెట్ పుస్తకాలు తిరగేశాక తెలిసింది, డబ్బు లేకపోవడం వేరు, ఉన్న డబ్బు మన పద్దులో పడకపోవడం వేరు అని.

గిరిజన ఉపప్రణాళిక అయిదో ప్రణాళిక కాలంలో, ఎస్సీల ప్రత్యేకాంశ ప్రణాళిక 1970ల చివర్లో మొదలైనాయి. రెండోదాని వెనుక పి.ఎస్.కృష్ణన్ అనే అధికారి కృషి ఉంది. సూత్రం సులువే: జనాభాలో ఎంత వాటానో ప్రణాళికా నిధుల్లో అంత. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు 16.2 శాతం. అయితే ఇదంతా మార్గదర్శక సూత్రమే, చట్టం కాదు. బడ్జెట్లో ఎస్సీల వాటాకు 789, ఎస్టీల వాటాకు 796 అని విడి పద్దులున్నాయి. చాలా శాఖలు వాటి జోలికి పోకుండా, "మా రోడ్ల మీద దళితులూ నడుస్తారు గదా" అని శాతం లెక్కగట్టి కాగితం మీద వాటా చూపించేవి. రోడ్డు పెద్దోళ్ల వీధి దాకా వేసి ఆపేసినా మాలమాదిగ వాడలకు వాటా ముట్టినట్టే!

ఇక్కడే పరిశోధకుల పని మొదలైంది. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ దళిత్ స్టడీస్ వంటి సంస్థలు ఈ అంకెలను విప్పి జనం ముందు పెట్టాయి. 2010లో ఢిల్లీలో ఎస్సీల నిధులు వందల కోట్లు కామన్‌వెల్త్ క్రీడలకు మళ్లాయని సమాచార హక్కు కాగితాలతో హక్కుల సంఘాలు బయటపెడితే, అది తప్పేనని నాటి హోంమంత్రి చిదంబరం రాజ్యసభలో ఒప్పుకున్నారు. "మాకు అన్యాయం జరిగింది" అంటే ఏ మంత్రయినా సానుభూతి చూపి పంపుతాడు. "ఇంత కేటాయించారు, ఇంత మళ్లించారు" అంటే జవాబు చెప్పాల్సిందే. ఆ అంకెలు కరపత్రాలకెక్కాయి. కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం, ఇతర దళిత సంఘాలు వీధికెక్కాయి. వీధి లేకుంటే నివేదిక బీరువాలో ఉండేది. 2013లో చట్టం వచ్చింది.

కానీ పాత దొడ్డిదారి ఆ చట్టంలోనూ మిగిలింది. విభజించ వీల్లేని మౌలిక సదుపాయాల పనుల్లో ప్రభుత్వం నిర్ణయించిన భాగాన్ని సబ్‌ప్లాన్ ఖర్చుగా భావించవచ్చని రాసుకున్నారు. ఆ భాగం ఎంతో తేల్చేది ప్రభుత్వమే. ప్రణాళిక, ప్రణాళికేతర విభజన ఎత్తేసిన 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో కొత్త చట్టం చేసి, ఖర్చుకాని సొమ్మును మరుసటి ఏడాదికి కలపాలంది. ఆంధ్రప్రదేశ్ పాత చట్టం గడువును 2023లో మరో పదేళ్లు పొడిగించింది.

ఈ లెక్క చూడ్డానికి ఎకనామిక్స్ పట్టా అక్కర్లేదు. బడ్జెట్ పుస్తకంలో 789 ఎదురుగా బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా ఉంటాయి. వాస్తవ ఖర్చు తర్వాతి సంవత్సరాల పుస్తకాల్లో తేలుతుంది. కోత ఎక్కడ పడిందో అక్కడ ఆగి, ఏ శాఖ, ఏ పథకం అని రాసుకోండి. మీ మండలంలోని హాస్టల్ నుంచే మొదలుపెట్టొచ్చు.