డీజిల్ బండికి సింథటిక్ ఆయిలా, మినరల్ ఆయిలా? కొనేముందు డబ్బా వెనక చదవండి

ఫోన్ల గురించి రాసే చోట ఇంజిన్ ఆయిల్ ఏంటి అనుకుంటున్నారా? పోయిన నెల కదిరి నుంచి మా మామ ఫోన్ చేశాడు. "అల్లుడూ, ట్రాక్టర్‌కు తెచ్చిన ఆయిల్ మూడు లీటర్లు మిగిలిండాది. కారులో కొంచెం తగ్గింది. అదే పోస్తే ఏమైతాది?"

ట్రాక్టర్ పాతది, టర్బో కూడా లేదు. కారు బీఎస్6 డీజిల్. స్పెక్స్ చూసే అలవాటు కదా, నేను రివర్స్‌లో ఆలోచించా: కారుకు వాడే సింథటిక్‌నే ట్రాక్టర్‌కూ పోసేస్తే పోలా, ఖరీదైనదే మంచిది కదా అని. కూర్చుని చదివాక అర్థమైంది, ఇద్దరిదీ తప్పే. కాకపోతే మామ చేయబోయిన తప్పుకు బిల్లు చాలా పెద్దది.

ముందు బేసిక్స్. మినరల్ ఆయిల్ క్రూడ్‌ను శుద్ధి చేసి తీసేది. అందులో రకరకాల సైజుల అణువులు కలిసి ఉంటాయి. సింథటిక్‌లో అణువులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి వేడికి త్వరగా పాడవదు, చలికి అంతగా చిక్కబడదు. అలాగని సింథటిక్ అన్నదంతా ల్యాబ్‌లో పుట్టింది కాదు. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ ఈ మాట మీదే గొడవపడ్డాయి. క్రూడ్ నుంచే తీసి, హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసిన గ్రూప్-3 ఆయిల్‌ను కూడా సింథటిక్ అనొచ్చని ప్రకటనల వివాదాలు చూసే సంస్థ అక్కడ తేల్చింది. ఫోన్ బాక్స్ మీద 'ఏఐ కెమెరా' అని ఉంటే మనం ఎంత నమ్ముతామో, డబ్బా ముందున్న ఆ పదాన్నీ అంతే నమ్మాలి.

ఇక గ్రేడ్. ట్రాక్టర్‌ది 15డబ్ల్యూ-40, కారుది 5డబ్ల్యూ-30. డబ్ల్యూ అంటే వింటర్. స్టార్ట్ చేసేటప్పుడు ఎంత చిక్కగా ఉంటుందో 15డబ్ల్యూని మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. కదిరి డిసెంబర్ చలికి ఆ తేడాతో పనే లేదు. ఆయిల్‌ను ఫ్రీజర్‌లో పెట్టి పోసి చూపించే వీడియోలు సరదాగా చూడండి, అంతే. మనకు అసలు పరీక్ష వేడి, దుమ్ము.

వేడి దగ్గర సింథటిక్ గెలుస్తుంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా తిరగగలదు, అదీ పల్చటి ఆయిల్ పొర మీద. అనంతపురం రోడ్డులో బాగా తోలి వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేస్తే, అక్కడ ఆగిన ఆయిల్ మాడి మసి కడుతుంది. సింథటిక్ అయితే అంత సులభంగా మాడదు.

మామ ప్రశ్నకు జవాబు మాత్రం డీపీఎఫ్‌లో ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఈ ఫిల్టర్ తప్పనిసరిలా మారింది. పట్టిన మసిని అది కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్‌లోని యాడిటివ్స్ కాలితే మిగిలే బూడిద మళ్లీ కాలదు, లోపలే పేరుకుంటుంది. అందుకే ఇలాంటి కార్లకు తక్కువ బూడిద ఆయిల్ అడుగుతారు. ఉదాహరణకు ఏసీఈఏ సీ3 ఆయిల్‌లో సల్ఫేటెడ్ యాష్ 0.8 శాతం దాటకూడదు. పాత ట్రాక్టర్ ఆయిల్స్‌కు ఆ పట్టింపు లేదు. మిగిలిన ఆయిల్ పోసి కొన్ని వందలు ఆదా చేయబోయి, వేలల్లో ఖరీదు చేసే ఫిల్టర్‌ను మూసేసుకునేవాళ్లం.

మరి ట్రాక్టర్‌కు సింథటిక్ ఎందుకొద్దు? పోస్తే పాడైపోతుందని కాదు, డబ్బు దండగ. సింథటిక్ పెద్ద లాభం ఎక్కువ కాలం రావడం. వేరుశనగ పెరికే రోజుల్లో ఆ ఎర్రమట్టి దుమ్ములో, ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే ఏ ఆయిల్‌లోకైనా మట్టి చేరుతుంది. అప్పుడు పాత ఆయిల్ దింపేయడమే మార్గం. మాన్యువల్‌లో చెప్పిన గంటలకు మంచి మినరల్ ఆయిల్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచితే చాలు. అన్నట్టు, డీజిల్ ఆయిల్ కొన్నాళ్లకే నల్లబడితే కంగారు వద్దు. మసిని పట్టుకోవడం దాని పనే.

కారులో ఆయిల్ నిజంగా తగ్గిందా అని ఆదివారం వెళ్లి చూశా. మామ బండిని ఇంటి ముందు వాలులో ఆపి డిప్‌స్టిక్ తీశాడంట. చదునైన చోట పెట్టి, చల్లారాక చూస్తే మార్కుల మధ్యనే ఉంది. మూడు లీటర్ల డబ్బా మళ్లీ ట్రాక్టర్ షెడ్డులోకే పోయింది.