బొగ్గుల కొట్టులో పుట్టిన బొమ్మలు

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో, ఫ్రెష్‌వాటర్ బేకి దగ్గర్లో ‘డింబోలా’ అనే ఇల్లుంది. రెండు ఇళ్లను మధ్యలో బురుజు కట్టి ఒకటి చేశారు. సిలోన్‌లో తమకున్న తోట పేరే దీనికి పెట్టుకున్నారు ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్. 1875లో భర్తతో సిలోన్‌కే తరలిపోయి, 1879లో అక్కడే కన్నుమూశారు. కూల్చేస్తారన్న దశలో కొందరు పట్టుబట్టి కాపాడుకోబట్టి ఆ ఇల్లు ఇవాళ మ్యూజియంగా నిలిచింది.

కలకత్తాలో 1815లో పుట్టిన ఆమె 1860లో ఈ ఊరొచ్చారు. పొరుగున కవి టెన్నిసన్. 1863 డిసెంబరులో కూతురూ అల్లుడూ కాలక్షేపానికని ఒక కెమెరా కానుకిచ్చారు. అప్పటికామెకు 48 ఏళ్లు. కాలక్షేపం కాస్తా పూనకమైంది. బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్‌గా, కోళ్ల కొట్టం స్టూడియోగా మారిపోయాయి. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నారిని ఫొటో తీసి, దాన్నే తన తొలి విజయంగా రాసుకున్నారు.

ఆ పని ఒళ్లు వంచితే తప్ప అయ్యేది కాదు. గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరేలోగా ఫొటో తీసి కడిగేయాలి. చేతులకూ బట్టలకూ నల్లటి మరకలు. ఎదుట కూర్చున్నవాళ్లు నిమిషాల తరబడి కదలకూడదు. కాస్త కదిలినా బొమ్మ మసకబారేది. ఆమెకు ఫోకస్ చేయడం రాదని నాటి ఫొటోగ్రఫీ పత్రికలు వెక్కిరించాయి. ఎంత తప్పు! 1867లో తీసిన ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఫొటో చూడండి. చీకట్లోంచి రేగిన తెల్లజుట్టు, లోతైన కళ్లు మాత్రమే పైకి తేలతాయి. మసకే లేకపోతే ఆ ముఖానికి అంత బరువు వచ్చేదా?

అయినా నా మటుకు ఆమె గొప్పతనం పేరున్నవాళ్ల ఫొటోల్లో లేదు. ఇంట్లో పనిచేసిన మేరీ హిల్లియర్‌ని మళ్లీ మళ్లీ మరియమాతగా నిలబెట్టారు. టెన్నిసన్‌కి ఎంత వెలుగు పడిందో ఈ పనమ్మాయికీ అంతే వెలుగు, అంతే మర్యాద.

మేరీ ర్యాన్‌దైతే ఇంకో కథ. తల్లితో కలిసి బిచ్చమెత్తుకుంటున్న ఆ పిల్లను చేరదీసి, చదువు చెప్పించారు కామెరాన్. ఇంటిపని చేస్తూనే ఆమె కెమెరా ముందూ నిలిచింది. లండన్‌లో కామెరాన్ ఫొటోల ప్రదర్శన జరుగుతున్నప్పుడు ర్యాన్‌ను చూసి మనసిచ్చిన ఓ యువకుడు తర్వాత ఫ్రెష్‌వాటర్‌కే వచ్చి పెళ్లికి అడిగాడు. 1867లో పెళ్లయింది. ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగిగా అతను మన దేశానికి వచ్చాడు. 1904 బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ ఆయనే.