రావణాసురుడి తలకాయకి పన్నెండు ఫొటోలు

మా పెనుబల్లిలో గడ్డిచామంతి లేని చోటు చూపించమంటే కష్టమే. పొలం గట్టు, మామిడి తోట కంచె, లంకాసాగర్ కాలవ పక్కన... ఎక్కడ చూసినా అదే. చిన్నప్పుడు దాని ఆకుతో పలక తుడిచేవాళ్లం, మోకాలు చెక్కుకుపోతే రసం పిండేవాళ్లం. రావణాసురుడి తలకాయ అంటూ పువ్వుని గోటితో ఎగరగొట్టేవాళ్లం. ఇన్ని చేసినా ఆ పువ్వుని సరిగ్గా చూసినవాళ్లు ఎంతమంది?

ఒకసారి క్లోజప్ తీసి చూడండి. పువ్వు మొత్తం సెంటీమీటరున్నర లోపే ఉంటుంది. నడిమి పసుపు భాగం మీద ఫోకస్ పెడితే చుట్టూ ఉన్న రేకులు మసకేస్తాయి. రేకుల మీద పెడితే నడిమిది పోతుంది. తప్పు మీది కాదు, ఫోన్‌దీ కాదు. లెన్స్ దగ్గరికెళ్లే కొద్దీ షార్ప్‌గా వచ్చే మందం తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి మాక్రో లెన్స్ తగిలించి, పువ్వు సెన్సర్ మీద అసలు సైజులో పడేంత దగ్గరికెళ్తే, ఎఫ్8 దగ్గర ఆ మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఏటీఎం కార్డు కంటే కాస్త ఎక్కువ, అంతే!

మరి అపర్చర్‌ని ఎఫ్22కి మూసేస్తే? మందం పెరుగుతుంది, నిజమే. కానీ అంత చిన్న కంతలోంచి వచ్చే కాంతి చెదిరిపోయి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఒక చోట లాభం, అన్ని చోట్లా నష్టం.

అందుకే ఫోకస్ స్టాకింగ్. కెమెరా కదపకుండా ఫోకస్‌ని ముందు అంచు నుంచి వెనక్కి కొంచెం కొంచెంగా జరుపుతూ వరసగా ఫొటోలు తీయడం, తర్వాత వాటిలో షార్ప్‌గా ఉన్న భాగాలన్నీ కలిపి ఒకే ఫొటో చేయడం. గడ్డిచామంతి లోతు ఆరు మిల్లీమీటర్లు అనుకుంటే, ఒకదాని మీద ఒకటి కాస్త పడేలా పది పన్నెండు ఫొటోలు చాలు.

ఖరీదైన కెమెరాల్లో ఇది ఎప్పుడో వచ్చేసింది. 2017లో వచ్చిన నికాన్ డీ850 ఫోకస్ తనంతట తానే జరుపుకుంటూ 300 ఫొటోల వరకూ తీస్తుంది. ఫోన్‌లో అయితే ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ కెమెరా యాప్‌లో ఫోకస్ బ్రాకెటింగ్ ఉంది, మీ ఫోన్ సపోర్ట్ చేయాలంతే. మొదటి దూరం, చివరి దూరం, ఎన్ని ఫొటోలో చెప్తే అది తీసిపెడుతుంది. కలపడం మాత్రం మన పనే. ఇంకో మాట. చవక ఫోన్లలో వచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో లెన్స్‌ని నమ్ముకోకండి. చాలావాటిలో దాని ఫోకస్ అసలు కదలదు. ఫోకసే కదలనప్పుడు స్టాక్ చేసేదేముంది?

అసలు శత్రువు గాలి. గడ్డిచామంతి కాడ సన్నగా, జానెడు పొడుగ్గా ఉంటుంది; పక్కన మేక తుమ్మినా ఊగుతుంది. నేను ఊరెళ్తే ఎండెక్కకముందే బయల్దేరతాను. కాడ పక్కన పుల్ల గుచ్చి, బట్టల క్లిప్పుతో మెల్లగా పట్టిస్తాను. ఫోన్ కింద చిన్న బియ్యం మూట, రెండు సెకన్ల టైమర్, వెలుతురూ రంగూ మారకుండా ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్. గొడుగు గాలికి అడ్డం. ఈ అవతారంలో నేల మీద పడుకుని ఉంటే అటుగా పోయే పెద్దమ్మలు అడగకుండా ఎందుకుంటారు? "ఆ పిచ్చి మొక్కకి ఫొటో ఏంది నాయనా?"

కలపడానికి ఫొటోషాప్, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ ఉన్నాయి. డబ్బులు పెట్టలేమంటే హ్యూగిన్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఉంది. లోపల జరిగేది కోడ్ రాసేవాళ్లకి భలే నచ్చుతుంది. ఫోకస్ జరిగినప్పుడు పువ్వు సైజు కూడా రవ్వంత మారుతుంది కాబట్టి ముందు ఫొటోలన్నిటినీ ఒకదానితో ఒకటి సరిపెట్టాలి. తర్వాత ప్రతి చోటా పక్క పిక్సెల్స్‌తో తేడా ఏ ఫొటోలో ఎక్కువుందో చూస్తారు. తేడా ఎక్కువుంటే అక్కడ ఫోకస్ ఉన్నట్టు. అతుకులు కనపడకుండా కలపడానికి వాడే పద్ధతుల్లో ఒకటి లాప్లాసియన్ పిరమిడ్. బర్ట్, ఆడెల్సన్ 1983లో ప్రచురించారు. మధ్యలో చీమ నడిచిందా, దానికి పన్నెండు కాళ్లు రావచ్చు!

"ఇంత చేస్తే అది ఫొటోనా, గ్రాఫిక్సా?" అని అడుగుతారు. నా మటుకు ఫొటోనే. ఏఐ పువ్వులో రేకు ఎక్కడైనా మొలవచ్చు. స్టాక్ సరిగ్గా కుదిరితే, పువ్వు మీద పడి లెన్స్‌లోకి వచ్చిన వెలుతురే అందులో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ మాత్రం మసగ్గానే వదిలేయండి. అదీ షార్ప్ చేస్తే పువ్వు స్టిక్కర్ అతికించినట్టుంటుంది.

దీని అసలు ఉపయోగం లైకుల కంటే పెద్దది. తంగేడు మన రాష్ట్ర పుష్పం, ఏటా బతుకమ్మలో పేరుస్తాం. దాని కేసరాలు పది, అన్నీ ఒకే సైజులో ఉండవని గమనించారా? కేసరాలు ముందుకి, రేకులు వెనక్కి ఉండటంతో ఒక్క ఫొటోలో రెండూ చిక్కవు. మొక్కని గుర్తుపట్టేవాళ్లకి కావాల్సింది సరిగ్గా అవే. కేసరాలు, నూగు, రేకు అంచు. నీలాద్రి వైపు అడవి అంచున వానాకాలంలో ఆవగింజంత పూలు పూసే మొక్కలు ఎన్నో. ఊళ్లో అడిగితే అన్నిటికీ ఒకే పేరు చెప్తారు, గడ్డి అని. వాటిని స్టాక్ చేసి ఐనాచురలిస్ట్‌లో పెడితే ఎక్కడో ఉన్న వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు చూసి పేరు చెప్పే అవకాశం ఉంది. తెంపకుండా తీయండి. స్టాక్ ఫొటోతో పాటు ఆకు, కాడ, పువ్వు వెనక భాగం మామూలు ఫొటోలు కూడా జత చేయండి. లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.