మీకు తెలుసా? లావెక్కిన పిల్లి, పక్కవాళ్ల గిన్నె

ఇంట్లో ఉన్నది ఒక్క పిల్లే అయితే దాని బరువు తగ్గించడానికి కొలత తెలిస్తే చాలు. ఇంకో పిల్లో కుక్కో కూడా ఉన్న ఇంట్లో కొలత ఒక్కటే సరిపోదు. కొలిచి పెట్టింది ఎవరి కడుపులోకి పోతోందో కూడా చూసుకోవాలి. చాలా ఇళ్లలో ఆహారం మారుస్తారు, బ్రాండు మారుస్తారు, గిన్నెలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఫలితం కనిపించకపోవడానికి ఎక్కువసార్లు అదే కారణం.

● నాలుగున్నర కిలోలు ఉండాల్సిన పిల్లి ఆరు కిలోలకు చేరితే చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే 60 కిలోలు ఉండాల్సిన మనిషి 80 కిలోలు తూగడం అన్నమాట. ఆ బరువంతా కీళ్ల మీద పడుతుంది. నడుం దాకా మెడ తిప్పి నాక్కోలేదు కాబట్టి తోక మొదట్లో బొచ్చు ఉండలు కడుతుంది, చుండ్రు రాలుతుంది. షుగర్ వచ్చే ప్రమాదం మామూలు పిల్లి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అమెరికాలో 2022లో పశువైద్యులు చూసిన పిల్లుల్లో నూటికి 61 ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నాయని తేలింది. గడప దాటని పిల్లులు మన నగరాల్లోని ఫ్లాట్లలోనూ పెరుగుతున్నాయి కాబట్టి ఇది ఎక్కడి సంగతో అనుకోవడానికి లేదు.

● తూకం కంటే ముందు చెయ్యి చెబుతుంది. ఒక చేతిని చాపి, రెండో చేతి వేళ్లతో దాని వెనకవైపు తడిమి చూడండి. పల్చటి చర్మం కింద ఎముకలు తెలుస్తాయి. పిల్లి పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కచిక్కినట్టు. అరచేతి మెత్తదనంలో ఎముక కోసం వెతుక్కోవాల్సి వస్తే ఒళ్లు చేసినట్టు. పశువైద్యులు ఇదే పరీక్షకు ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. అయిదు వస్తే బాగున్నట్టు, ఆ పైన ఒక్కో మార్కుకు సుమారు పది శాతం బరువు ఎక్కువ. పర్షియన్ పిల్లుల బొచ్చు కంటిని మోసం చేస్తుంది, వాటిని తడిమి చూడాల్సిందే.

● వెనక కాళ్ల ముందు వేలాడే చర్మపు మడత కొవ్వే అయి ఉండాలని లేదు. సన్నటి పిల్లులకూ అది ఉంటుంది. దాన్ని చూసి తిండి తగ్గించకండి.

● పిల్లికి రోజుకు కావాల్సింది మనం అనుకునే దాంట్లో సగం కూడా ఉండదు. నాలుగున్నర కిలోల పిల్లి ఊరికే పడుకుని ఉన్నా ఖర్చయ్యేది దాదాపు 216 క్యాలరీలు. లావెక్కిన పిల్లి సన్నబడటానికి వైద్యులు సాధారణంగా దాని సరైన బరువుకు లెక్కగట్టి, అందులో ఎనభై శాతంతో మొదలుపెడతారు. అంటే 173 క్యాలరీలు. డ్రై ఫుడ్ వంద గ్రాములకు 380 క్యాలరీలు ఉందనుకుంటే రోజు మొత్తానికి 45 గ్రాములు. స్టీలు గ్లాసుతో తీసి పోసేవాళ్లు ఒక్కసారి ఆ గ్లాసును వంటింటి కాటా మీద పెట్టి చూడాలి. ఒకే గ్లాసులో ఒకసారి కాస్త తలకొట్టి, ఇంకోసారి గోపురంగా పోస్తే తేడా పది గ్రాముల దాకా వస్తుంది, చేతికి అది తెలియదు. రోజుకు అయిదు గ్రాములు ఎక్కువ పడినా ఏడాదికి దాదాపు ఏడు వేల క్యాలరీలు. కిలో కొవ్వులో ఉండేది ఇంచుమించు అంతే. అందుకే నా సలహా ఒక్కటే: గ్లాసు, గరిటె, కప్పు అన్నీ పక్కన పెట్టి గ్రాములు చూపే చిన్న కాటా కొనండి. పొద్దున్నే రోజు మొత్తానికి సరిపడా తూచి, ఆ పిల్లి పేరు రాసిన డబ్బాలో పోసి పెట్టుకోండి. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి, అది ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే.

● వంద మిల్లీలీటర్ల గేదె పాలలో దాదాపు వంద క్యాలరీలు. పైన చెప్పిన పిల్లికి అర కప్పు పాలు పోస్తే సగానికి పైగా రోజు తిండి పెట్టేసినట్టే. పైగా పెద్దయిన చాలా పిల్లులకు పాలలోని లాక్టోజ్ అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసిందే. రాజుగారు పిల్లినీ, దానికి పాలు పోయడానికి ఆవునూ ఇచ్చారు. ఊళ్లోవాళ్ల పిల్లులన్నీ పాలు తాగి బలిశాయి, రామకృష్ణుడి పిల్లి మాత్రం కాగే పాలకు మూతి కాల్చుకుని ఆ తర్వాత పాలంటేనే పారిపోయింది. అలా చేయడం క్రూరత్వమే. అయితే పాలతో పిల్లులు బలుస్తాయన్న సంగతి మాత్రం ఆ కథలో ఉన్నది ఉన్నట్టే ఉంది. పిల్లికి మంచి నీళ్లు చాలు.

● పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో పాడైపోయిందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు చూపించారు. పిల్లి ఐస్‌క్రీమ్ నాకినా, పెరుగన్నం తిన్నా దాన్ని పిలిచేది తీపి కాదు, అందులోని కొవ్వు.

● చిట్టెలుక ఒక్కటి తింటే సుమారు 30 క్యాలరీలు. బయట తిరిగే పిల్లి రోజుకు ఇలాంటి చిన్న చిన్న వేటలు ఎన్నో చేసి, ఒక్కోదాన్నీ ఒంటరిగా తింటుంది. సింహాల్లా పంచుకు తినే అలవాటు దానికి లేదు. మనం మాత్రం రెండు పిల్లులకు రెండు గిన్నెలు పక్కపక్కనే పెట్టి, కలిసి తింటున్నాయని సంతోషిస్తాం. నిజానికి ఒకటి గబగబా మింగుతుంటుంది, ఇంకొకటి సగంలో లేచి పోతుంది. అరుపులూ రక్కుకోవడాలూ లేకపోతే గొడవ లేదనుకుంటాం. బలమైన పిల్లి గిన్నె దగ్గర పోట్లాడక్కర్లేదు. వంటింటి గుమ్మంలో అడ్డంగా కూర్చుని రెండోదాన్ని తదేకంగా చూస్తే చాలు, అది వెనక్కి తిరుగుతుంది. మిగిలిన తిండి ఎవరికి పోతుందో చెప్పక్కర్లేదు.

● ఇక అసలు కిటుకు గిన్నెలు విడదీయడం. దీనికి డబ్బు ఖర్చు కూడా పెద్దగా అక్కర్లేదు, క్రమం తప్పకపోతే చాలు. మొదట చేయాల్సింది, రోజంతా నిండుగా ఉండే గిన్నెను ఎత్తేయడం. పూటకు ఇంతని, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి. ఒకదాన్ని పడగ్గదిలో, ఇంకోదాన్ని వంటింట్లో ఉంచి తలుపు వేసేయండి. ఇరవై నిమిషాల తర్వాత మిగిలింది తీసేసి, తూచి, అప్పుడు తలుపు తీయండి. తూచడం ఎందుకంటే ఏది ఎంత వదిలేస్తోందో అప్పుడే తెలుస్తుంది.

తలుపు వేయడం కుదరని ఇళ్లలో ఒడ్డూ పొడుగూ చూసి దారి పెట్టుకోవచ్చు. సన్నటి పిల్లి అలమర పైకి ఎగిరి దూకుతుంది, లావుది దూకలేదు. సన్నదాని గిన్నె అక్కడ పెట్టండి. బరువు తగ్గేకొద్దీ లావుదీ ఎక్కడం నేర్చుకుంటుంది కాబట్టి ఈ ఉపాయం కొన్నాళ్లే పనిచేస్తుంది. అట్టపెట్టెకో ప్లాస్టిక్ డబ్బాకో సన్న పిల్లి మాత్రమే దూరగలిగే కన్నం కోసి, లోపల దాని గిన్నె పెట్టడం ఇంకో మార్గం. పెద్ద కుక్క ఉన్న ఇంట్లో పిల్లి దూరేంత సందు వదిలి తలుపును గొళ్లేనికి తాడుతో కడితే పని జరిగిపోతుంది. చర్మం కింద ఉన్న మైక్రోచిప్‌నో, మెడపట్టీకి తగిలించిన బిళ్లనో గుర్తుపట్టి, ఆ పిల్లి వస్తేనే మూత తెరుచుకునే గిన్నెలు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఖరీదు ఎక్కువే. ఒక పిల్లికి మందు కలిపిన ఆహారం పెట్టాల్సి వచ్చిన ఇళ్లకు మాత్రం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి.

● కుక్క తిండి పిల్లికి సరిపోదు. టారిన్ అనే పోషకాన్ని కుక్క శరీరం చాలావరకు తానే తయారు చేసుకుంటుంది, పిల్లికి ఆ శక్తి చాలదు, మాంసం నుంచే రావాలి. అది అందకపోతే కంటి తెర దెబ్బతింటుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఆ గుండె జబ్బుకూ టారిన్ లోపానికీ ఉన్న సంబంధాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణ పశువైద్యులు 1987లో కనిపెట్టారు. పిల్లి ఆహారం తయారు చేసే కంపెనీలు ఆ తర్వాత టారిన్ మోతాదు పెంచాయి. పిల్లి లావు తగ్గుతుందని కుక్క తిండి పెట్టడం అందుకే ప్రమాదం. ఇటు పిల్లి తిండిలో మాంసకృత్తులూ కొవ్వూ ఎక్కువ కాబట్టి కుక్క దానికోసం ఎగబడుతుంది. రోజూ దొరికితే కుక్కా బలుస్తుంది, కొన్నింటికి క్లోమం వాస్తుంది కూడా. పిల్లిపిల్లల కోసం చేసిన ఆహారం ఇంకా శక్తిమంతం, దాన్ని పెద్ద పిల్లికి అందకుండా చూడాలి.

● పిల్లిని పస్తు పెట్టి సన్నబెట్టకూడదు. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలోకి ఒక్కసారిగా చేరుతుంది. కాలేయం దాన్ని సర్దుకోలేక చతికిలపడుతుంది. చెవుల లోపలా చిగుళ్ల మీదా పచ్చదనం కనిపిస్తుంది, వాంతులవుతాయి, తిండి ఇంకా అసహ్యించుకుంటుంది. చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. ఆకలేస్తే అదే తింటుందిలే అని కొత్త ఆహారం పెట్టి మంకుపట్టు పట్టడం కుక్కల దగ్గర నడుస్తుందేమో, పిల్లి దగ్గర నడవదు. కొత్తదాన్ని పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి. తగ్గే వేగం కూడా వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం, మహా అయితే రెండు. ఆరు కిలోల పిల్లికి వారానికి 30 నుంచి 60 గ్రాములు. పైన చెప్పిన కిలోన్నర తగ్గాలంటే ఆరు నెలలు మొదలుకొని ఏడాది దాకా పడుతుంది.

● పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక పిల్లికి శక్తి అవసరం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆపరేషన్ మంచిదే, చేయించాల్సిందే. ఆ వారం నుంచే గిన్నె కొలత మార్చాలి.

● వెట్ ఫుడ్‌లో ముప్పావు వంతు పైగా నీరే. అందుకే వంద గ్రాములు పెట్టినా చాలా రకాల్లో 80, 100 క్యాలరీలకు మించదు. కడుపు నిండినట్టుంటుంది, నీళ్లు సరిగా తాగని పిల్లికి నీరూ అందుతుంది. డ్రై ఫుడ్ కొంత, ఇది కొంత పెడితే రెండింటి క్యాలరీలూ కలిపి లెక్క వేసుకోవాలి.

● ట్రీట్లు, ముద్దలు, చేప ముక్కలు అన్నీ కలిపి రోజు క్యాలరీల్లో పది శాతం దాటకూడదు. మన పిల్లికి అది 17 క్యాలరీలు, అంటే పది గ్రాముల ఉడికించిన చికెన్. ఇంట్లో నలుగురుంటే నలుగురూ తలా ఒక ముక్క ఇస్తారు, ఎవరికి వాళ్లు ఒక్కటే ఇచ్చామనుకుంటారు. పెద్దవాళ్లను వద్దనడం కష్టం. నానమ్మ చేతుల మీదుగానే పెట్టనివ్వండి, కాకపోతే ఆ పేరు రాసిన డబ్బాలోంచి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు మాత్రం ఎవరూ పెట్టకూడదు, అవి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

● ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో ఉండే హిమ్మీ అనే పిల్లి 21.3 కిలోలు తూగి గిన్నిస్ రికార్డుకెక్కింది. 1986లో, పదేళ్ల వయసులో, ఊపిరాడక చనిపోయింది. రికార్డు కోసం జంతువులను అతిగా మేపుతారన్న భయంతో గిన్నిస్ ఆ తర్వాత ఈ రకం రికార్డులే తీసుకోవడం మానేసింది. మంచి పని చేసింది.

● షుగర్ వచ్చిన పిల్లికి జీవితాంతం ఇన్సులిన్ తప్పదని అనుకోనక్కర్లేదు. తొందరగా గుర్తించి ఇన్సులిన్ మొదలుపెట్టి, పిండిపదార్థం తక్కువ ఉన్న ఆహారానికి మార్చి, బరువు తగ్గిస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. ఇదంతా డాక్టరు చేతుల మీదుగా జరగాలి, ఆహారం మార్చాక పాత మోతాదే పొడిస్తే చక్కెర మరీ పడిపోతుంది.

● తెల్లవారుజామున నాలుగింటికి ముఖం మీద పంజా వేసి లేపే పిల్లికి ఆకలి కంటే అలవాటే ఎక్కువ. మనం లేచిన వెంటనే గిన్నె నింపుతాం కాబట్టి లేపితే తిండి వస్తుందని నేర్చుకుంది. లేచాక ఒక అరగంట ఆగి పెట్టండి. లేదా టైమర్ ఉన్న గిన్నె పెట్టండి, అప్పుడు లేపాల్సింది గిన్నెనే గానీ మిమ్మల్ని కాదని అది తెలుసుకుంటుంది.

● ఉమ్మడి గిన్నె వల్ల లావు పిల్లికి ఎంత నష్టమో, పక్కనున్న సన్న పిల్లికీ అంతే. గిన్నె ఖాళీ అవుతోంది కాబట్టి రెండూ తింటున్నాయనుకుంటాం. ఒకటి మూత్రపిండాల జబ్బుతోనో, పంటి నొప్పితోనో వారం నుంచి ముట్టడం లేదని తెలిసేసరికి ఆలస్యమవుతుంది. వయసు మళ్లిన పిల్లి ఆబగా తింటూ చిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువైందేమో చూపించాలి. విడివిడిగా పెట్టే ఇళ్లలో ఇవి ముందే బయటపడతాయి. లావుదాన్ని వారానికోసారి, మిగతావాటిని నెలకోసారి తూచండి. పిల్లిని ఎత్తుకుని మనుషుల కాటా ఎక్కితే యాభై గ్రాముల తేడా తెలియదు, పసిపిల్లలను తూచే కాటా కావాలి.

● బరువు తగ్గిన పిల్లి మళ్లీ పాత కొలతకు పోకూడదు. సన్నబడ్డ ఒంటికి శక్తి అవసరం కూడా తగ్గుతుంది కాబట్టి, పాత గ్లాసు తిరిగొస్తే పాత బరువూ తిరిగొస్తుంది. అనుకున్న బరువుకు చేరాక రోజుకు రెండు మూడు గ్రాములే పెంచి, రెండు వారాలు తూచి చూసి, నిలకడగా ఉంటే అక్కడ ఆపండి. తలుపులు వేసి విడిగా పెట్టడం అప్పుడు కూడా మానొద్దు. పక్క గిన్నె ఇంకా అక్కడే ఉంటుంది.